పద్దు చెప్పవలసినది, పద్దు చెప్పకూడనిది

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రసంగించినవారు: రెవెన్యూ శాఖ విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, బొల్లారం.)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఆర్. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే కార్యదర్శిగారు ఈసారి నన్ను పిలిచి, "మీరు జీవితమంతా రికార్డు రూములో గడిపారు గదా, కాగితాల గురించి మాకు తెలియని సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. కాగితాల గురించి మీకు తెలియని సంగతి చెప్పడం కష్టమే. అందుకే మీకు తెలిసిన సంగతే ఎత్తుకుని, దానిని కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఎంత దూరం తీసుకుపోయారో మనవి చేస్తాను.

విషయం చిన్న ప్రశ్నలో ఇమిడి ఉంది. ఒక పద్దు ఇప్పుడున్న స్థితిని చెబితే చాలునా? ఆ స్థితికి ఎలా వచ్చిందో, ఎవరు ముందు వచ్చారో, ఎవరిని చేర్చి తీసేశారో కూడా తన రూపంలోనే బయటపెట్టాలా? ఈ ప్రశ్నకు అన్ని పద్దులకూ ఒకే జవాబు లేదు. ఏ పద్దు గతాన్ని చెప్పాలో, ఏది చెప్పకూడదో మనుషులు కూర్చుని ఆలోచించి నిర్ణయించాలి. ఆ నిర్ణయం గుమాస్తా చేతివాటానికో, యంత్రం అలవాటుకో వదిలేస్తే నష్టపోయేది ఎప్పుడూ బలహీనుడే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి ఉదాహరణలు.

మనందరి ఇళ్లలో ఉండే రెండు కాగితాలతో మొదలుపెడతాను. ఒకటి సర్వీసు రిజిస్టరు. రెండవది పెన్షన్ పేమెంట్ ఆర్డరు. సర్వీసు రిజిస్టరులో మనం ఉద్యోగంలో చేరిన నాటినుంచి ప్రతిదీ తేదీవారీగా ఎక్కుతుంది. ఇంక్రిమెంట్లు, బదిలీలు, అర్జిత సెలవులు, సస్పెన్షను ఉంటే సస్పెన్షను, తిరిగి చేర్చుకుంటే ఆ ఉత్తర్వు, అన్నీ ఉంటాయి. ఒకాయనకు ఇంక్రిమెంటు ఆపారు, అప్పీలులో అది తిరిగి వచ్చింది అనుకుందాం. ఆ రెండు నమోదులూ అందులో నిలిచే ఉంటాయి. పి.పి.ఓ. అలా కాదు. ఇద్దరు ఉద్యోగులు ఒకే జీతం మీద, ఒకే సర్వీసు కాలంతో దిగిపోతే, ఒకరు సాఫీగా వచ్చినా మరొకరు నానా అగచాట్లు పడి వచ్చినా, పి.పి.ఓ.లో పెన్షను అంకె ఒక్కటే. బ్యాంకు కౌంటరులో కూర్చున్న పిల్లవాడికి మన ఇంక్రిమెంటు ఎప్పుడు ఆగిందో తెలియవలసిన పని లేదు, తెలియదు కూడా.

రెండూ అవసరమైన కాగితాలే. ఒకటి చరిత్ర, రెండవది స్థితి. ఒకటి ఆఫీసు బీరువాలో తాళం వేసి ఉంటుంది, మరొకటి పదిమంది చేతులు మారుతుంది. ఈ ఏర్పాటు చేసినవారు దీనికి పెద్ద పేరేమీ పెట్టలేదు గానీ, మంచి ఏర్పాటు చేశారు.

ఇక నా శాఖకు వస్తాను. భూమి పద్దులో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. ఎలాగో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. 124 అనే సర్వే నంబరులో 9 ఎకరాలు ఉంది. తండ్రి పోయాడు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మూడు చెక్కలు చేశారు, ఒక్కొక్కటి 3 ఎకరాలు. అందరూ ఒకేసారి కూర్చుని పంచుకుంటే ఆ చెక్కలకు 124/అ, 124/ఆ, 124/ఇ అని బై నంబర్లు పడతాయి. అలా కాకుండా, మొదట పెద్దవాడు 3 ఎకరాలతో వేరుపడ్డాడు, మిగిలిన 6 ఎకరాలు చిన్నవాడి పేర ఎక్కాయి, కొన్నేళ్లకు ఆడపడుచు తన వాటా అడిగి తీసుకున్నది అనుకోండి. అప్పుడు పెద్దవాడిది 124/అ, చిన్నవాడిది 124/ఆ/1, ఆమెది 124/ఆ/2 అవుతుంది.

భూమి మీద నిలబడి చూస్తే రెండు సందర్భాలలోనూ అవే మూడు చెక్కలు, అవే హద్దు రాళ్లు, అదే విస్తీర్ణం. గొలుసు వేసి కొలిచినా గుంట తేడా రాదు. కాని తెలిసినవాడు నంబరు చూడగానే కథంతా చదివేస్తాడు. ఈమె వాటా ముందు ఇవ్వలేదు, తరువాత చిన్నవాడి దాంట్లోంచి తీశారు అని. మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించేలా 1986లో చట్టం చేశారు. 2005లో కేంద్ర చట్టం దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చింది. హక్కు సమానమే. కాని ఆమె భూమి అమ్మబోయినప్పుడు కొనేవాడు ఆ "ఆ/2" చూసి, "ఇందులో అన్నదమ్ముల తగాదా ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగి, నాలుగు రూపాయలు తగ్గించి బేరం చేస్తాడు. అన్నదమ్ములను ఆ ప్రశ్న అడిగేవాడు ఉండడు. తహసీలు కౌంటరు ఇవతల కూర్చుని ఇలాంటి ప్రశ్నలు నేను చాలా విన్నాను. ఆమె హక్కుకు ఏ లోటూ లేకపోయినా, నంబరు రాసిన తీరే ఆమె మీద చాడీ చెబుతున్నది.

మరి దీనికి మందేమిటి? ఒక పద్ధతి వెంటనే తోస్తుంది. ఎప్పుడు పంచుకున్నా సరే, చీలిక జరిగిన ప్రతిసారీ వాయవ్య మూల నుంచి మొదలుపెట్టి వరుసగా కొత్త నంబర్లు వేసెయ్యడం. అప్పుడు నంబరు నేల మీది చెక్కలను బట్టి ఉంటుందే గాని, తగాదాల వరుసను బట్టి ఉండదు. సిద్ధాంతం బాగుంది. ఆచరణలో చూడండి. ఒక చెక్క రెండైతే దాని తరువాతి చెక్కలన్నింటి నంబర్లూ జరగాలి. పాసు పుస్తకాలు, బ్యాంకు తనఖాలు, కోర్టు డిక్రీలు అన్నీ పాత నంబర్లతో ఉంటాయి. ఒక్కడి పంపకానికి నలభై మంది ఆఫీసు చుట్టూ తిరగాలి. పాతవాళ్లు చెక్క కింద చెక్క పేర్చుకుంటూ పోయింది ఈ చాకిరీ తప్పించుకోవడానికే.

సరిగ్గా ఈ చిక్కే కంప్యూటరు శాస్త్రజ్ఞులకూ ఎదురైంది. చరిత్రను బయటపెట్టని అమరిక కావాలి, కాని ప్రతిసారీ మొత్తం తిరగరాయకూడదు. దీనికి వారు పెట్టిన పేరు హిస్టరీ ఇండిపెండెంట్ డేటా స్ట్రక్చర్. డేటా స్ట్రక్చర్ అంటే బ్రహ్మవిద్య కాదు. బీరువాలో మిసళ్లు ఏ వరుసలో పేర్చాలి అన్నదే. హిస్టరీ ఇండిపెండెంట్ అంటే, బీరువా తెరిచి చూసినవాడికి ఇప్పుడు ఏ మిసళ్లు ఉన్నాయో తెలియాలి గాని, ఏది ముందు వచ్చింది, ఏది మధ్యలో వచ్చి పోయింది అన్నది తెలియకూడదు. 1997లో డానియెలే మిచియాంచియో అనే ఆయన ఇటువంటి అమరికల మీద పరిశోధన పత్రం ప్రకటించారు. 2001లో మోనీ నావోర్, వెనెస్సా టీగ్ అనే ఇద్దరు దానికి స్పష్టమైన నిర్వచనాలు ఇచ్చారు.

వారు రెండు స్థాయిలు చెప్పారు. మన భాషలో చెప్పాలంటే, తనిఖీ అధికారి ఒక్కసారే వచ్చి బీరువా చూసిపోతాడనుకోండి. ఆయనకు గతం అంతుబట్టకపోతే అది మొదటి స్థాయి. కాని ఆయన నెలనెలా వచ్చి పోయినసారి చూసినదానితో పోల్చుకుంటాడనుకోండి. అప్పుడు కూడా, అప్పటి సరుకుకూ ఇప్పటి సరుకుకూ ఉన్న తేడా తప్ప, మధ్యలో జరిగిన రాకపోకలు ఆయనకు తెలియకపోతే అది రెండవ స్థాయి, గట్టి స్థాయి. మొదటిదానికి మిసళ్లను కలగాపులగం చేస్తే సరిపోవచ్చు. రెండవదానికి అది చాలదు. సరుకు అదే అయితే అమరికా అదే కావాలి, ఒక సరుకుకు ఒకే అమరిక అని తరువాతివారు నిరూపించారు.

ఒక్కసారి చూసేవాడి సంగతి మనకు స్వయంగా తెలుసు. మనలో ఎన్నికల డ్యూటీ చేయనివారు ఉండరు. బ్యాలెట్ పెట్టెలో కాగితాలు పడిన వరుసలోనే, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఓటర్లు వచ్చిన వరుస మన దగ్గర రాసి ఉంటుంది. ఎవడైనా పెట్టెను జాగ్రత్తగా విప్పి, పై నుంచి కిందికి కాగితాలు తీస్తూ ఆ వరుసతో పోల్చితే, ఎవరు ఎవరికి వేశారో అంచనా కట్టవచ్చు. లెక్కింపులో కాగితాలు కలిపేవారు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలలో, అవసరమైన చోట పలు పోలింగు కేంద్రాల బ్యాలెట్లను కలిపి లెక్కించడానికి 59ఎ అనే నియమం కూడా ఉంది. కలపడమంటే గతాన్ని చెరపడమే. ఎవరికి ఎన్ని వచ్చాయో మిగులుతుంది, ఏ వరుసలో వచ్చాయో పోతుంది.

యంత్రాలు వచ్చాక ఏమైంది? 2010లో మన హైదరాబాదు సాంకేతిక నిపుణుడు వేమూరి హరిప్రసాద్, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గోంగ్రిప్ తదితరులు కలిసి అప్పటి ఓటింగు యంత్రం ఒకదానిని విప్పి చూసి పత్రం ప్రకటించారు. అందులో ఎక్కువ ప్రచారం పొందినది ఓట్లు మార్చే సంగతి. కాని నా దృష్టిని ఆకర్షించినది మరొకటి. యంత్రంలోని జ్ఞాపకం చిప్పులో ఓట్లు వేసిన వరుసలోనే నమోదై ఉంటాయని, ఆ చిప్పును చదవగలిగినవాడు ఓటర్ల రిజిస్టరుతో పోల్చి రహస్యాన్ని ఛేదించవచ్చని వారు రాశారు. యంత్రాలు కట్టుదిట్టమైన కాపలాలో ఉంటాయి కాబట్టి భయం లేదన్నది ఎన్నికల సంఘం వాదన. యంత్రాల తరాలు కూడా ఆ తరువాత మారాయి. ఆ వివాదంలోకి నేను పోను. నేను గమనించమనేది ఒక్కటే. కాగితపు పెట్టెను కుదిపి కలిపితే పోయే వరుస, ఎలక్ట్రానిక్ చిప్పులో ఎవరూ అడగకుండానే నిలిచిపోయింది. వరుసను దాచిపెట్టమని ఎవరో కుట్ర చేయనక్కరలేదు. యంత్రానికి అది సహజమైన అలవాటు. వచ్చినది వచ్చినట్టు పక్కన రాసుకుంటూ పోతుంది. అమెరికాలో 2006లో కొందరు పరిశోధకులు ఓట్ల వరుస మిగలకుండా, పైగా దిద్దితే బయటపడేలా ఓట్లను భద్రపరిచే పద్ధతిని ప్రతిపాదించారు.

ఇప్పుడు మొత్తం తిరగరాయకుండా గతాన్ని ఎలా దాచవచ్చో చూద్దాం. ఇక్కడ మన సీనియారిటీ లిస్టు అక్కరకొస్తుంది. కంప్యూటరు పేర్లను వంశవృక్షంలాగా పెడుతుంది. పైన ఒక పేరు, దానికి ఎడమ కొమ్మలో అక్షరక్రమంలో ముందుండేవి, కుడి కొమ్మలో వెనకుండేవి. ఇలా పెడితే వెయ్యి పేర్లలో ఒకటి వెతకడానికి పది పన్నెండు మెట్లు దిగితే చాలు. మామూలు పద్ధతిలో అందరికంటే ముందు వచ్చినవాడు పైన కూర్చుంటాడు. అంటే చెట్టు ఆకారమే చేరిన తేదీల సీనియారిటీ లిస్టు. చూసినవాడికి అంతా తెలిసిపోతుంది.

1989లో సిసిలియా అరగాన్, రైముండ్ జైడెల్ అనే ఇద్దరు ట్రీప్ అనే ఒక చెట్టును చెప్పారు. అందులో పైన ఎవరు కూర్చోవాలన్నది చేరిన తేదీ నిర్ణయించదు, లాటరీ అంకె నిర్ణయిస్తుంది. ఆ అంకెను ప్రతివాడికీ వాడి పేరులోంచే ఒక స్థిరమైన సూత్రం ప్రకారం లెక్కకట్టి ఇచ్చామనుకోండి. అప్పుడు రామయ్య సోమవారం చేరినా శుక్రవారం చేరినా ఆయన అంకె ఒకటే, ఆయన కుర్చీ ఒకటే. కొత్తవాడు వస్తే తన అంకెకు తగిన కుర్చీకి ఎక్కుతాడు, దారిలో ఉన్న కొద్దిమంది మాత్రమే సర్దుకుంటారు. ఎవరైనా వెళ్లిపోతే చెట్టు ఆయన ఎన్నడూ రానట్టే అవుతుంది. ఆఫీసంతా కదలదు, గతమూ కనపడదు. చేరిన తేదీ లేని సీనియారిటీ లిస్టు అంటే మన సంఘంలో యుద్ధాలు జరుగుతాయి గాని, యంత్రానికి అది బాగానే పనిచేస్తుంది.

ఇది పేర్ల సంగతి. పటాల సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఒక గ్రామ పటంలో బావులు గుర్తించాలి. "ఈ దీర్ఘచతురస్రంలో ఎన్ని బావులున్నాయి?" అని అడిగితే యంత్రం చప్పున చెప్పాలి. అందుకు 1974లో ఫింకెల్, బెంట్లీ అనేవారు క్వాడ్ ట్రీ అనే పద్ధతి చెప్పారు. మొదట నమోదైన బావి మీదుగా నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తారు. పటం నాలుగు భాగాలవుతుంది. తరువాతి బావి ఏ భాగంలో పడితే ఆ భాగాన్ని మళ్లీ దాని మీదుగా నాలుగు చేస్తారు. వెతకడం సులువే. కాని గీతలు చూస్తే మొదట ఏ బావి నమోదైందో, తరువాత ఏదో తెలిసిపోతుంది.

దీనిని మన ప్రాంతానికి అన్వయించి చూడండి. మనది రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాదు బొల్లారం కాదు, పటాన్‌చెరు పక్కన ఫ్యాక్టరీల బొల్లారం. బోరు నీళ్లు రంగు మారాయని ఫిర్యాదు చేసినవారి బావులను ఇలా పటంలో ఎక్కించారనుకుందాం. ఒక రైతు అందరికంటే ముందు ఫిర్యాదు చేశాడు. తరువాత ఎవరి ఒత్తిడి వల్లనో ఉపసంహరించుకున్నాడు. బావి గుర్తు తీసేశారు. కాని ఆ గుర్తు మీదుగా గీసిన గీతలు తీయాలంటే మిగతావన్నీ తిరిగి గీయాలి గనుక, గీతలు ఉంచేశారు. చూసినవాడికి, "ఇక్కడ ఒకడు ఫిర్యాదు చేసి వెనక్కు తీసుకున్నాడు, వాడే మొదటివాడు" అని అర్థమైపోతుంది. ఇది ఊహ మాత్రమే. అయితే మనలాంటి చోట, మొదట నోరు విప్పినవాడెవడో బయటపడడం ఎంత పెద్ద సంగతో మీకు నేను చెప్పనక్కరలేదు.

రెండవ పద్ధతి చూడండి. బావి ఎక్కడున్నా సరే, గీతను ఎప్పుడూ కాగితం నడిమధ్యనే గీస్తారు. ఒక భాగంలో రెండు బావులుంటే ఆ భాగాన్ని మళ్లీ నడిమధ్యకు నాలుగు చేస్తారు. ఒక్కటే మిగిలితే ఆపేస్తారు. బావిని తీసేస్తే దాని కోసం గీసిన గీతలూ తీసేస్తారు. ఇప్పుడు గీతలు బావులున్న చోటును బట్టి ఉంటాయే గాని వచ్చిన వరుసను బట్టి ఉండవు. 2008లో గై బ్లెలాక్, డానియెల్ గోలోవిన్, వర్జీనియా వసిలెవ్‌స్కా అనే ముగ్గురు ఇంకా కష్టమైన రేఖాగణిత ప్రశ్నలకు కూడా ఇలా ఒక సరుకుకు ఒకే అమరికను, వేగం చెడకుండా సాధించవచ్చని చూపారు. దీర్ఘచతురస్రంలో ఏయే బిందువులున్నాయి, ఏ గీతలు ఖండించుకుంటాయి, ఈ బిందువు ఏ చెక్కలో పడుతుంది, ఈ గుర్తులన్నిటి చుట్టూ తాడు బిగిస్తే ఏ ఆకారం వస్తుంది, ఇటువంటివి. చివరి రెండూ సర్వేయరు రోజూ చేసే పనులే.

సర్వేయరు మాట వచ్చింది గనుక టిప్పణ్ సంగతి కూడా చెబుతాను. ఒకే చెక్కకు ఇద్దరు సర్వేయర్లు టిప్పణ్ గీస్తే, ఇద్దరి కొలతలూ సరైనవే అయినా కాగితాలు ఒక్కలాగా ఉండవు. ఒకడు ఆధార రేఖను తూర్పు రాయి నుంచి వేస్తాడు, ఇంకొకడు పడమటి రాయి నుంచి. కాగితం నేలను చెప్పడంతో ఆగదు, కొలిచినవాడు ఎక్కడ నిలబడ్డాడో కూడా చెబుతుంది. అదే మూలల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, వాయవ్య మూల నుంచి సవ్య దిశలో రాయాలని నియమం పెడితే, ఎవరు కొలిచినా ఒకే జాబితా రావాలి.

కేంద్ర భూవనరుల శాఖ 2021 నుంచి తెచ్చిన 14 అక్షరాంకెల భూ ఆధార్ సంఖ్యలో ఇటువంటి ఆలోచనే ఉంది. ఆ సంఖ్య చెక్క మూలల అక్షాంశ రేఖాంశాల ఆధారంగా తయారవుతుంది. మన రాష్ట్రంలో 2025 నాటి భూభారతి చట్టంలో కూడా భూధార్ సంఖ్య ఇచ్చే ఏర్పాటు ఉంది. నేల మీది ఆకారం నుంచే పుట్టిన సంఖ్య అయితే, అన్న ముందు వేరుపడ్డాడా, ఆడపడుచు తరువాత అడిగిందా అన్నది దానికి పట్టదు. ఆ మేరకు నేను దానిని హర్షిస్తాను. దానికి దాని ప్రమాదం ఉంది. చోటుతో ముడిపడిన సంఖ్యను మనిషి ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో జతచేస్తే గతం తెలియకపోయినా వర్తమానం మొత్తం ఒక్కచోట కుప్పపడుతుంది.

ఇంతవరకు విని మీలో కొందరు, "అయితే చరిత్రంతా చెరిపేయమంటావా?" అని అడగబోతున్నారు. కానే కాదు. అసలు మాట ఇప్పుడే వస్తుంది.

తెలంగాణ జిల్లాల్లో పేదవాడికి చరిత్రే ఆస్తి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కోసం ఎంతమంది రికార్డు రూము గుమ్మం దగ్గర పడిగాపులు కాశారో నేను చూశాను. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుగా పేరు ఎక్కినవాడికి ఆ పాత రిజిస్టరే ఆధారం. ప్రభుత్వం అసైన్ చేసిన భూమిని చేతులు మార్చడం 1977 చట్టం నిషేధించింది. ఆ భూమి మొదట అసైన్‌మెంటు భూమి అన్న సంగతి రికార్డులో లేకపోతే ఆ నిషేధం కాగితం మీదనే ఉండిపోతుంది. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం కేసు మనందరికీ గుర్తే. నక్కవాగు వెంట పొలాలు చెడిపోయిన రైతులకు పరిహారం అన్నప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? ఆ ఏడు ఆ పొలం ఎవరు దున్నారు అని. ఈనాటి పట్టాదారు పేరు ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆనాటి పహాణీయే జవాబు.

పాత పహాణీ ఏర్పాటును జాగ్రత్తగా గమనించండి. ఏ ఏటి పహాణీ ఆ ఏటిదే. పట్టాదారు ఒక గడిలో, అనుభవదారు ఇంకొక గడిలో. ఒక ఏటి కాగితం నకలు ఇస్తే ఆ ఏటి స్థితే తెలుస్తుంది. గతం కావాలంటే అరలోంచి ఇంకో ఏటి పుస్తకం తీయించాలి. తీయించడానికి దరఖాస్తు కావాలి, రుసుము కట్టాలి, నకలు రిజిస్టరులో అడిగినవాడి పేరు ఎక్కాలి. పట్వారీల చేతివాటం ఎంత ఉన్నా, వారి వ్యవస్థను 1984లో ఎత్తివేసినా, ఆ అర ఏర్పాటు మాత్రం సరైనదే. చరిత్ర అరలో ఉన్నది, కాగితం ముఖం మీద లేదు.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చినప్పుడు అనుభవదారు గడి లేకుండా పోయింది. పట్టాదారుకు అది సుఖంగానే ఉంది, బేరాలు త్వరగా అయ్యాయి. కాని కౌలుకు చేసుకునేవాడు, సాదా కాగితం మీద కొని దున్నుకుంటున్నవాడు ఆ గడితోపాటు తన ఉనికినే పోగొట్టుకున్నారు. ఇది నేను చెబుతున్న గతాన్ని దాచే విద్య కాదని దయచేసి గుర్తించండి. ఎవడు దున్నుతున్నాడన్నది గతం కాదు, అది వర్తమాన స్థితి. మరి 124/ఆ/2 లోని తగాదా గతం, అది ముఖం మీద నిలిచే ఉన్నది. ఉంచవలసినది తీసేసి, తీయవలసినది ఉంచినట్టయింది. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పేర్లు మారినంత మాత్రాన ఈ ప్రశ్న తీరదు. ఏ గడి స్థితికి, ఏ గడి చరిత్రకు అన్నది ముందుగా తేల్చుకుంటేనే తీరుతుంది.

కాబట్టి నా విన్నపాలు మూడు. ఒకటి, పదిమంది చేతుల్లోకి పోయే కాగితం, తెర మీద అందరికీ కనిపించే పేజీ, స్థితిని మాత్రమే చెప్పాలి. నంబరు తీరులో గాని, వరుసలో గాని, ఖాళీ గడిలో గాని గతం దొంగచాటుగా తొంగిచూడకూడదు. రెండు, చరిత్ర వేరే పుస్తకంలో, చెరపడానికి వీలులేకుండా ఉండాలి. దానిని తెరిచినవాడి పేరు, తెరిచిన కారణం అందులోనే నమోదు కావాలి. మూడు, చట్టప్రకారం చెరిపేయాలన్నది నిజంగా చెరగాలి, పేరు పోయి గీత మిగలకూడదు.

ఇవి ఒక గుమాస్తా ముచ్చట్లు అనుకోకండి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 2012లో పిటిషను వేసేనాటికి ఆయన వయసు 86 ఏళ్లు. మనలాంటి పెన్షనరే. మనం డెబ్బైలలో ఉండి "ఇంక మనవల్ల ఏమవుతుంది" అనుకోవడం న్యాయం కాదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు, అందులో మన వివరాలు చెరిపివేయమని అడిగే హక్కు కూడా రాశారు. రాసిన హక్కు యంత్రం లోపలి అమరికలో అమలు కావాలంటే నేను ఇంతసేపు చెప్పిన విద్య తెలిసినవారు కావాలి. మీ మనవలు, మనవరాళ్లు సాఫ్ట్‌వేరులో ఉన్నారు గదా, ఈ మాట వారి చెవిన వేయండి.

ఆఖరుగా మన ఇంటి సంగతి. మన సంఘం సభ్యత్వ జాబితా ఇప్పుడు కంప్యూటరులోకి ఎక్కింది. కార్యదర్శిగారు దానిని వర్డ్ ఫైలుగా అందరికీ పంపుతున్నారు. 2003లో బ్రిటిష్ ప్రభుత్వం ఇరాక్ మీద ఒక పత్రాన్ని వర్డ్ ఫైలుగానే బయటపెడితే, దానిని దిద్దినవారి పేర్లు ఆ ఫైలులోంచే బయటపడ్డాయి. మన జాబితాలో ఎవరి ఫోను నంబరు చేర్చి తీసేశాము, వైద్య సహాయం కోసం ఎవరి పేరు రాసి కొట్టేశాము అన్నది ఫైలు లోపల మిగిలి ఉండవచ్చు. సహాయం అడిగి, అభిమానం అడ్డొచ్చి వెనక్కు తీసుకున్న సభ్యుడి పేరు నలుగురికీ తెలియడం మనకు మర్యాద కాదు. అందుకని పేర్లను అక్షరక్రమంలో పెట్టి, కొత్త కాగితం మీదకు ఎత్తి, పి.డి.ఎఫ్.గా మాత్రమే పంపాలని, చేర్పులూ మార్పులూ ఉన్న మూల పుస్తకం కార్యదర్శిగారి బీరువాలోనే ఉంచాలని ఈ సభలో తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. దయచేసి బలపరచండి.